ఇంట్లో బిజినెస్, గేటు మీద రెడ్ మార్క్: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి ముందు రూంలో టైలరింగ్, మేడ మీద ట్యూషన్లు, కిచెన్‌లో పచ్చళ్లు, పార్కింగ్‌లో ఐరన్ షాపు. హైదరాబాద్ గల్లీల్లో సగం ఇళ్లు ఇట్లనే నడుస్తయి. అదే టైంలో రోడ్ వైడెనింగ్, మెట్రో, మూసీ, నాలాలు అని ఊరంతా తవ్వుతున్నరు. ఈ రెండూ ఒక ఇంటి గేటు దగ్గర కలిసినప్పుడు వచ్చే డౌట్లే ఇవి. లాయర్ భాష లేకుండా చెప్తున్న, కోర్టు దాకా పోయే కేసైతే లాయర్‌నే కలవండి.

ఇంట్లో చిన్న బిజినెస్ పెట్టుకోవడం అసలు లీగలేనా?

చాలావరకు లీగలే, కాకపోతే ఒక్క ఆఫీసు ఓకే అంటే అయిపోదు. బిల్డింగ్‌ని టౌన్ ప్లానింగ్ వాళ్లు చూస్తరు, వ్యాపారాన్ని హెల్త్ వింగ్ వాళ్లు చూస్తరు (అవును, ట్రేడ్ లైసెన్స్ సర్కిల్ ఆఫీసులో ఏఎంఓహెచ్, అంటే అసిస్టెంట్ మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్ కిందకే వస్తది, చాలామంది ఇది తెలీక టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో లైన్ కడ్తరు), మీటర్‌ని కరెంటోళ్లు చూస్తరు, పన్ను బిల్ కలెక్టర్ చూస్తడు. వీళ్లల్ల ఒకరిచ్చిన కాగితం ఇంకొకరిని ఆపదు. ట్రేడ్ లైసెన్స్ ఉంది కదా అని సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో) వేసిన షట్టర్ లీగల్ అయిపోదు, కమర్షియల్ మీటర్ ఉంది కదా అని ట్రేడ్ లైసెన్స్ అక్కర్లేదని కాదు.

అన్నిటికంటే ముందు మీ జాగా మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో చూస్కోండి. హెచ్ఎండీఏ (హైదరాబాద్ నగర అభివృద్ధి సంస్థ) మెట్రోపాలిటన్ ప్లాన్ 2031 అని 2013లో వచ్చింది, దాంట్లో సర్వే నంబర్ వారీగా రెసిడెన్షియల్, కమర్షియల్, మల్టిపుల్ యూజ్, కన్జర్వేషన్ అని రంగులుంటయి. సిటీ లోపల పాత ఏరియాలకి వేరే ప్లాన్లు ఉన్నయి. రెసిడెన్షియల్ జోన్‌లో ఇంటాయన అక్కడే ఉంటూ చేసుకునే చిన్న పనిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బోర్డు పెద్దదై, నలుగురు పనోళ్లు వచ్చి, గేటు ముందు ట్రాలీ ఆటోలు ఆగుడు మొదలైతే అప్పుడు అది ఇల్లు కాదు షాపు అంటరు.

ల్యాప్‌టాప్ మీద పని చేస్కుంటా, నాకూ లైసెన్స్ కావాలా?

కస్టమర్లు రారు, సరుకు లేదు, బోర్డు లేదు అంటే లైట్ తీస్కోండి. కంపెనీ రిజిస్టర్ చేసి ఇంటి అడ్రస్ ఇచ్చినా, జీఎస్టీ తీస్కున్నా, అది వేరే సంగతి.

బ్యూటీ పార్లర్, టైలరింగ్ షాపు, కిరాణా, టిఫిన్ సెంటర్, పిండి మర, జిరాక్స్, పీజీ హాస్టల్, క్లినిక్ లాంటివాటికి మాత్రం కావాలి. జీహెచ్ఎంసీ యాక్ట్ 1955లో 521 సెక్షన్ కింద అడుగుతరు. అమీర్‌పేట్, ఎస్సార్ నగర్ సైడ్ "మాది హాస్టల్ కాదు, ఫ్లాట్ షేరింగ్" అని వాదించే ఓనర్లు చాలామంది ఉన్నరు, రూంకి నాలుగు మంచాలు, కింద మెస్సు పెట్టి ఆ మాట అంటే ఎవరు నమ్ముతరు.

ట్రేడ్ లైసెన్స్ ఫీజు ఎంత పడుతది?

రోడ్డు వెడల్పు, మీ జాగా ఎన్ని చదరపు అడుగులు, ఈ రెండే లెక్క. చాలా ఏళ్లుగా నడుస్తున్న రేటు ఇట్ల ఉంది: 20 అడుగుల లోపు రోడ్డైతే అడుగుకి 3 రూపాయలు, 20 నుంచి 30 అడుగులైతే 4, అంతకంటే పెద్ద రోడ్డైతే 6. అంటే పది బై పన్నెండు ముందు రూంలో కుట్టు మిషన్ పెట్టుకున్న ఆంటీకి చిన్న గల్లీలో 360 రూపాయలు, మెయిన్ రోడ్డు మీదైతే 720, దాని మీద చిన్నచిన్నవి కలుస్తయి. ఇంత తక్కువ అని తెలిస్తే సగం మంది ఎప్పుడో తీస్కునేటోళ్లు.

లైసెన్స్ లేకుండా దొరికితే మాత్రం ఫీజుకి సమానంగా ఫైను, తీస్కునేదాకా నెలకి 10 శాతం చొప్పున పెరుగుతది. రెన్యువల్ గడువు లోపే కట్టేయండి, లేకపోతే ముందు 25 శాతం, తర్వాత 50 శాతం ఎక్కువ పడుతది.

మా బిల్డింగ్‌కి పర్మిషన్ ప్లస్ టూకే, పైన ఇంకో రెండు ఫ్లోర్లు వేసినం. లైసెన్స్ వస్తదా?

ఇంతకుముందు వచ్చేది, ఎవరూ అడగకపోయేది. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో క్లియర్‌గా చెప్పేసింది, అక్రమంగా కట్టిన బిల్డింగ్‌లో వ్యాపారానికి ఏ అధికారీ లైసెన్స్ ఇవ్వొద్దని, రెసిడెన్షియలా కమర్షియలా అని తేడా లేకుండా. కింది ఆఫీసుల్లో అది ఎంత గట్టిగా అమలైతుందో మీకూ తెలుసు, కానీ ఎవరన్నా కంప్లైంట్ ఇచ్చిన రోజు ఆ తీర్పే పట్టుకొస్తరు.

రెగ్యులరైజ్ చేస్కుందాం అంటే 2015లో బీఆర్ఎస్ అని ఒక స్కీం వచ్చింది (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్), హైకోర్టు కేసులతో ఆ అప్లికేషన్లు ఏళ్లకేళ్లు పెండింగ్‌లో పడ్డయి. అప్పట్ల డబ్బులు కట్టిన రసీదు ఉంటే జాగ్రత్తగా దాచుకోండి. ఆ రసీదే పర్మిషన్ అనుకొని కొత్త షట్టర్లు మాత్రం తీయకండి.

స్టిల్ట్ పార్కింగ్‌లో రెండు షట్టర్లు తీసి కిరాయికి ఇద్దామనుకుంటున్నం.

వద్దు. ఊర్లో ఏ డ్రైవ్ పెట్టినా ముందుగాల పడేది పార్కింగ్ మీదనే. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించి షాపు కడితే అది డీవియేషన్. బిల్డింగ్ పర్మిషన్ల కోసం వచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టం తర్వాత సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద పర్మిషన్ తీస్కున్న బిల్డింగులకి ఇంకా డేంజర్, నేను ప్లాన్ ప్రకారమే కడతా అని మీరే సంతకం పెట్టి ఉంటరు కాబట్టి తప్పితే నోటీసు లేకుండా కూడా కూల్చొచ్చని ఆ చట్టంలోనే ఉంది (నోటీసు మీద సుప్రీంకోర్టు తర్వాత ఏం చెప్పిందో కింద ఉంది). అదే చట్టంలో 75 గజాల లోపు ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేస్కుంటే చాలని కూడా ఉంది, దాన్ని చూసి "మాకు పర్మిషన్ అవసరం లేదు కదా, కింద షాపు పైన ఇల్లు వేసేద్దాం" అనుకునేటోళ్లు ఉన్నరు. ఆ ఒక్క రూపాయి సౌకర్యం 7 మీటర్ల ఎత్తు లోపు ఉండే ఇంటికే, షాపుకి కాదు.

సెట్‌బ్యాక్‌లో రేకుల షెడ్డు కూడా అంతే. రేకులే కదా, పర్మనెంట్ కాదు కదా అంటరు. కొలిచేటోళ్ల టేపుకి రేకులు, ఇటుకలు రెండూ ఒకటే.

కరెంట్ మీటర్ మార్చాలా? డొమెస్టిక్ మీదే నడిపిస్తే ఏమైతది?

అందరూ ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్న.

ఇంటి మీటర్ ఎల్టీ 1, షాపు మీటర్ ఎల్టీ 2. ఇంటి మీటర్ మీద పార్లర్ నడిపితే విద్యుత్ చట్టం 2003లో 126 సెక్షన్ కింద అనధికార వాడకం అంటరు. దొంగతనం కేసు కాదది, భయపడకండి, కానీ లెక్క గట్టిగానే వేస్తరు: ఆ కేటగిరీ రేటుకి డబుల్, అదీ ఎప్పటినుంచి వాడుతున్నరో తేలకపోతే వెనక్కి 12 నెలలు. ముందు ప్రొవిజనల్ ఆర్డర్ ఇస్తరు, దానికి అభ్యంతరం రాసిచ్చే హక్కు మీకుంది, ఫైనల్ ఆర్డర్ వచ్చినంక 30 రోజుల్లో అప్పీల్‌కి పోవాలంటే వేసిన మొత్తంలో సగం ముందే కట్టాలి. అందుకే అభ్యంతరం స్టేజీలోనే గట్టిగా రాయండి, "షాపు పెట్టి మూడు నెలలే అయింది, ఇగో షట్టర్ వేయించిన బిల్లు, ఇగో కిరాయి అగ్రిమెంట్" అని తేదీ ఉన్న కాగితం పెడితే 12 నెలల లెక్క మూడు నెలలకి దిగే ఛాన్స్ ఉంటది.

ఇంకోటి, చాలామందికి తెల్వని విషయం. ప్రతి ఇంటి వ్యాపారం ఎల్టీ 2 కాదు. టారిఫ్‌లో ఎల్టీ 4 అని కాటేజ్ ఇండస్ట్రీ కేటగిరీ ఉంది, 10 హార్స్ పవర్ లోపు లోడ్ ఉంటే పచ్చళ్లు, అప్పడాలు, అగర్బత్తి, కొవ్వొత్తులు, వడ్రంగి, కంసాలి పని, విస్తరాకుల తయారీ ఇట్లాంటివి దాంట్లోకి వస్తయి, రేటు కమర్షియల్ కంటే బాగా తక్కువ. మీరు అడగకపోతే లైన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి కమర్షియల్ అని రాసుకొని పోతడు. తయారు చేస్తున్నరా, అమ్ముతున్నరా అనేదే అక్కడ పాయింటు. లోపల పచ్చడి కలిపి ముందు కౌంటర్ పెట్టి అమ్మితే ఆ కౌంటర్ పోర్షన్‌కి వేరే మీటర్ తీస్కోమంటరు, తీస్కోండి, రెండు మీటర్లతోని పెద్ద ఖర్చేం కాదు.

ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతదా?

పెరుగుతది, వాడే పోర్షన్ వరకే. ఇళ్లకి కిరాయి విలువని బట్టి 17 నుంచి 30 శాతం దాకా స్లాబులు, షాపులకి నేరుగా 30 శాతం, పైగా షాపుకి లెక్కేసే అడుగు కిరాయి కూడా ఎక్కువ. ఏడాదికి 1200 లోపు పన్నుండే చిన్న ఇళ్లకి 101 రూపాయలు కడితే చాలని ఒక రాయితీ ఉంది, షాపు పెడితే దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మొత్తం ఇంటిని కమర్షియల్‌గా వేసేస్తే ఊకోకండి, ముందు రూం ఎంతో కొలిపించి రివిజన్ పిటిషన్ ఇవ్వండి.

ఇంటి ఫుడ్ బిజినెస్‌కి ఏమేం కావాలి?

ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్. చిన్న టర్నోవర్‌కి ఫీజు ఏడాదికి వంద రూపాయలే, 14 అంకెల నంబర్ వస్తది, అది లేకుండా స్విగ్గీ, జొమాటో ఎక్కించవు, ఎక్కించినా ప్యాకెట్ మీద నంబర్ ఉండాలి. వాట్సాప్‌లో ఆర్డర్లు తీస్కునే వాళ్లకీ ఇదే రూలు. ఇంకా గ్యాస్: ఎర్ర సిలిండర్ 14.2 కిలోలది ఇంటి వంటకే, ఆర్డర్లకి 19 కిలోల కమర్షియల్‌దే వాడాలి. సివిల్ సప్లైస్ వాళ్లు వస్తే సిలిండర్లు తీస్కపోవుడే కాదు కేసు కూడా రాస్తరు.

జీఎస్టీ లిమిట్ 40 లక్షలు కదా?

యూట్యూబ్‌లో చెప్పేది వేరే రాష్ట్రాల సంగతి. సరుకులు అమ్మేవాళ్లకి 40 లక్షల లిమిట్ ఇచ్చిన నోటిఫికేషన్‌లో తెలంగాణని మినహాయించిన్రు, మనకి 20 లక్షలే.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు బంద్ చేయమంటున్నరు. వాళ్లకి హక్కుందా?

బైలాస్‌లో రాసి ఉంటే ఉంటది. లిఫ్ట్, కారిడార్, విజిటర్ పార్కింగ్ అందరివి, మీ డ్యాన్స్ క్లాసుకొచ్చే ముప్పై మంది పిల్లల చెప్పులు ఎదురింటి గుమ్మం దాకా పోతే ఆయన మాట్లాడడా మరి. మ్యూజిక్ ఉంటే, రెసిడెన్షియల్ ఏరియాలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా 45, ఇది 2000 సంవత్సరం నుంచి ఉన్న రూల్.

ఒక మాట చెప్తా, టౌన్ ప్లానింగ్ వాళ్లు వాళ్లంతట వాళ్లు రావుడు తక్కువ. ఎక్కువ కేసులు పక్కింటాయన కంప్లైంట్‌తోనే మొదలైతయి, అదీ పార్కింగ్ లొల్లితోని. లైసెన్స్‌కి పెట్టే టైంలో సగం పక్కింటోళ్లతో మాట్లాడుడికి పెట్టండి.

సరుకు ఇంట్లో స్టాక్ పెట్టుకోవచ్చా?

బట్టలు, పుస్తకాలు సరే. థిన్నర్, స్పిరిట్, కెమికల్ డ్రమ్ములు, పటాకులు అసలే వద్దు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద ఫ్లోర్‌లో పెట్టిన కెమికల్ డ్రమ్ములు అంటుకొని పైన కాపురముండే కనీసం 9 మంది పోయిన్రు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో మంటలొచ్చి 17 మంది. కింద దుకాణం పైన ఇల్లు అనే పద్ధతిది తప్పు కాదు, మెట్లు ఒక్కటే ఉండి అది కూడా దుకాణం మధ్యలోంచి ఉండుడే తప్పు. మీ ఇంట్లో వెనక నుంచి ఇంకో దారి ఉందా? లేకపోతే లైసెన్స్ సంగతి తర్వాత, ముందు ఆ దారి చూడండి.

మా గేటు మీద రెడ్ పెయింట్‌తో మార్క్ వేసి నంబర్ రాసిపోయిన్రు. ఇల్లు పోయినట్టేనా?

కాదు, అది సర్వే మార్క్. ఆర్డీపీ, అంటే రోడ్ డెవలప్‌మెంట్ ప్లాన్ గీసినప్పుడు సెంటర్ లైన్ నుంచి ఎంత దాకా పోతదో చైన్‌మన్ కొలిచి గుర్తు పెడ్తడు. మార్క్ పడి ఏళ్లు గడిచినా కదలని రోడ్లు సిటీలో ఉన్నయి, నెలల్లో జేసీబీ దిగినవీ ఉన్నయి.

మార్క్ పడ్డ రోజే చేయాల్సింది: ఇల్లు మొత్తం, బోర్డు, మిషన్లు, మీటర్, మార్క్ అన్నీ తేదీ పడేట్టు ఫొటోలు తీయండి. ఎన్ని గజాలు పోతుందో నోటిమాట నమ్మకండి, సర్కిల్ ఆఫీసులో ఆర్డీపీ స్కెచ్ అడగండి, ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి, పది రూపాయలు, 30 రోజులు. మా ఏరియాలో ఒక టైలర్ ఆంటీ ఇంటికి మార్క్ పడ్డప్పుడు చూసిన, గేటుకి ఫాల్ పీకో బోర్డు, లోపల రెండు మిషన్లు, గోడకి హ్యాంగర్ల మీద కుట్టిన జాకెట్లు, వచ్చినోళ్లు గోడ కొలిచి ఫారంలో "నివాసం" అని రాసి పోబోయిన్రు. పక్కింటి పిల్లగాడు ఆపి "అన్నా, షాపు కూడా రాయండి" అన్నడు, వాళ్లు కాగితం చూపెట్టమన్నరు, ఆమె లోపలికి పోయి గోద్రెజ్ బీరువాలోంచి ట్రేడ్ లైసెన్స్ ప్రింటు, రెండో మీటర్ బిల్లు తెచ్చింది. అప్పుడు ఆ కాలమ్‌లో "నివాసం మరియు దుకాణం" అని మార్చి రాసిన్రు. ఆ ఒక్క పదంతోని ఏమొస్తదో కింద చెప్తున్న.

రోడ్ వైడెనింగ్‌లో పోయే జాగాకి ఎంత ఇస్తరు?

దారి మూడు రకాలు.

మీరే కొత్తగా కట్టుకుందామని పర్మిషన్‌కి పోతే, 2012 బిల్డింగ్ రూల్స్, అదే జీఓ 168 ప్రకారం రోడ్డులో పోయే ముక్క ముందే రాసివ్వాలి, బదులుగా సెట్‌బ్యాక్‌లో సడలింపో, ఎక్కువ ఫ్లోరో, టీడీఆరో ఇస్తరు.

టీడీఆర్ అంటే డబ్బు కాదు, పోయిన జాగాకి బదులు ఇంకోచోట ఎక్కువ కట్టుకునే హక్కు పత్రం. 2017 చివర్లో వచ్చిన జీఓతో రోడ్డుకి వదిలిన జాగాకి 400 శాతం దాకా ఇస్తున్నరు, దాన్ని మీరు వాడుకోవచ్చు లేదా ఎక్కువ ఫ్లోర్లు వేసే బిల్డర్‌కి అమ్ముకోవచ్చు, జీహెచ్ఎంసీ టీడీఆర్ బ్యాంక్ ఆన్‌లైన్‌లో ఉంటది. వినడానికి నాలుగింతలు బాగానే ఉంది, కానీ బిల్డర్ కొనే రేటుకే విలువ, మార్కెట్ పడితే అది కూడా పడుతది. పెద్ద ప్లాటున్న వాళ్లకి టీడీఆర్ లాభమే. 60 గజాల ఇంట్లో 25 గజాలు పోయి మిగతాది పనికిరాకుండా అయ్యే వాళ్లకి నా మాటైతే డబ్బే అడగండి.

డబ్బు అంటే 2013 భూసేకరణ చట్టం. రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల అమ్మకాల సగటు, ఏది ఎక్కువైతే అది పట్టుకొని దాని మీద 100 శాతం సోలేషియం (జాగా బలవంతంగా తీస్కుంటున్నందుకు అదనంగా ఇచ్చేది). అంటే గజం 30 వేలని తేలితే 60 వేలు. బిల్డింగ్ విలువ వేరే, దానిపైనా సోలేషియం ఉంటది. మీ జాగా రేటు అసలు ఎంతో, రిజిస్ట్రేషన్ రేటు ఎంతో తేడా మీకే తెలుసు, ఇప్పుడు ఆ తేడా మీ జేబులోంచే పోతది. ఓల్డ్ సిటీ మెట్రోకి ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల లైన్‌లో గజానికి 81 వేలు ఫిక్స్ చేసిన్రు, 2025 జనవరిలో చెక్కులు మొదలుపెట్టిన్రు. అది ఆ లైన్ రేటు, మీ గల్లీకి అదే వస్తదని ఎవరన్నా అంటే నమ్మకండి.

ప్రిలిమినరీ నోటిఫికేషన్ వచ్చినంక 60 రోజుల్లో అభ్యంతరం ఇవ్వొచ్చు. డబ్బు తక్కువ అనిపించినా చెక్కు వద్దనకండి, "అండర్ ప్రొటెస్ట్" అని రాసి తీస్కొని పెంచే సంగతి భూసేకరణ అథారిటీకి పంపమని (రిఫరెన్స్ అంటరు) కలెక్టర్‌ని అడగండి, అవార్డు, అంటే పరిహారం తేల్చిన ఆర్డర్ ఇచ్చినప్పుడు మీరు అక్కడుంటే ఆరు వారాలే టైం. సమ్మతి పత్రం ఖాళీగా సంతకం పెట్టమంటే మాత్రం పెట్టొద్దు, సమ్మతితో ఇచ్చేస్తే తర్వాత పెంచమని అడిగే దారి దాదాపు మూసుకుపోతది.

జాగా సరే, నా బిజినెస్ పోతున్నందుకు ఏమన్నా వస్తదా?

ఇది ఎవరూ అడగరు, అడగాల్సింది ఇదే. 2013 చట్టంలో 28వ సెక్షన్ చూడండి: మిగిలిన ఆస్తికి, సంపాదనకి జరిగే నష్టం, ఇల్లైనా వ్యాపార స్థలమైనా మార్చాల్సి వస్తే అయ్యే సరైన ఖర్చు, ఇవన్నీ కలెక్టర్ లెక్కలో తీస్కోవాలని ఉంది. పైగా రెండో షెడ్యూల్‌లో నిర్వాసితులయ్యే చేతివృత్తుల వాళ్లు, చిన్న వ్యాపారులకి ఒకసారి ఇచ్చే సాయం, తక్కువలో తక్కువ 25 వేలు.

కానీ బిజినెస్ ఉందని మీరే చూపించాలి. పదిహేనేళ్లుగా పార్లర్ నడిపినా ట్రేడ్ లైసెన్స్ లేదు, మీటర్ డొమెస్టిక్, ట్యాక్స్ రెసిడెన్షియల్, క్యాష్ అంతా పర్సులో అంటే సర్కారు కాగితాల్లో ఆ పార్లర్ పుట్టనే లేదు. ఏడాదికి వెయ్యో రెండు వేలో మిగిలినయని సంబరపడ్డదంతా ఆ రోజు పోతది. ట్రేడ్ లైసెన్స్, ఫుడ్ నంబర్, ఉద్యం సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్, ఫ్రీ, ఎవరన్నా డబ్బులడిగితే వెబ్‌సైట్ ఫేక్), కరెంట్ బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో క్యూఆర్ కోడ్ పేమెంట్లు, ఇవన్నీ సాక్ష్యాలే. టీలకి పదిరూపాయలు ఫోన్‌పేలో కొట్టిందానికి కూడా తేదీ ఉంటది. లాడ్ బజార్ వెనక గల్లీల్లో ఇళ్లల్లోనే లక్క గాజులు చేసేటోళ్లని చూడండి, ఆ గాజులకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది, ఊరికి పేరొచ్చింది, కానీ కొలిమి పెట్టుకున్న ఆ రూం ఎంతమంది కాగితాల్లో కార్ఖానాగా ఉంది?

మేం కిరాయికి ఉంటున్నం. మాకేం రాదంట కదా?

ఓనర్లు అట్లనే చెప్తరు. జాగా డబ్బు ఓనర్‌దే, కరెక్టే. కానీ అదే చట్టంలో "ప్రభావిత కుటుంబం" అంటే జాగా లేకపోయినా సేకరణకి ముందు మూడేళ్లుగా అక్కడే ఉంటున్న, లేదా మూడేళ్లుగా ప్రధాన జీవనాధారం అక్కడే ఉన్న కుటుంబం కూడా. హైదరాబాద్‌లో అందరూ 11 నెలల అగ్రిమెంటే రాస్తరు. పర్లేదు, పాతవి పారేయకుండా వరసగా దాచిపెట్టండి, కిరాయి చేతికిచ్చుడు మానేసి ఖాతాలో వేయండి. మూడేళ్ల లెక్క దాంతోనే తేలుతది.

చెరువు పక్క, నాలా పక్క ఇల్లు. హైడ్రా వస్తదా?

హైడ్రా అంటే చెరువులు, సర్కారు జాగాల మీది ఆక్రమణలు తీసేసే సంస్థ, 2024 జూలైలో పెట్టిన్రు, ఓఆర్ఆర్ లోపలంతా దాని పరిధి, ఏవీ రంగనాథ్ కమిషనర్‌గా ఎన్ కన్వెన్షన్ హాల్ కూల్చినప్పటి నుంచి ఊరందరికీ ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) అనే మాట నోటికొచ్చింది. దూరాలు కొత్తవేం కాదు, 2012 రూల్స్‌లోనే ఉన్నయి: 10 హెక్టార్లు, అంటే పాతికెకరాల పైన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువు, కుంటైతే 9, పది మీటర్ల కంటే వెడల్పు నాలాకి 9, చిన్న నాలాకి 2, మూసీకి సిటీలో 50. ఆ గీత లోపల ట్రేడ్ లైసెన్స్ ఉన్నా, ట్యాక్స్ కట్టినా, కరెంట్ మీటర్ ఉన్నా అవి పర్మిషన్ కింద లెక్కకి రావు. ఇన్నేళ్లు పన్ను తీస్కున్నరు కదా అని అడుగుతరు, అడగాల్సిన మాటే, కానీ కోర్టులో నిలిచే మాట కాదు.

మూసీలో 2024 సెప్టెంబర్‌లో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్లమీద ఆర్‌బీ-ఎక్స్ (నది గర్భంలో ఉందని గుర్తు) అని రాసిన్రు, ఖాళీ చేసినోళ్లకి డబుల్ బెడ్‌రూం ఇచ్చిన్రు. ఇల్లు దొరికింది, నిజమే. కానీ కింద గుమ్మం ముందు మిర్చి బజ్జీ వేసుకునే ఆమె మూడో అంతస్తుకి పోతే బజ్జీలు ఎవరు కొంటరు? పునరావాసం మాట్లాడేటప్పుడు ఇల్లు ఎక్కడ అని అడిగినంత గట్టిగా కింద జాగా ఇస్తరా అని కూడా అడగండి, సంతకం కాకముందే.

వందేళ్ల కింద 1908 వరదల తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇదే ఊరిని మళ్లీ కట్టిన్రు, పత్తర్‌గట్టి వాళ్లు కట్టిందే, కింద దుకాణాలు పైన నివాసాలు. ఇల్లూ దుకాణం కలిపి ప్లాన్ చేయడం మనకి కొత్త కాదు.

నోటీసు లేకుండా కూల్చొచ్చా?

2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం షోకాజ్ నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు టైం ఇవ్వాలి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఇంటికి కూడా అంటించాలి, మీ మాట వినాలి, కారణాలతో ఆర్డర్ రాయాలి. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైన్ పక్క, నది, చెరువుల్లో ఉన్న వాటికి ఈ రక్షణ లేదని అదే తీర్పులో ఉంది. చాలామంది మొదటి సగమే వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తరు.

జీహెచ్ఎంసీ నుంచి 452 సెక్షన్ అని వస్తే అది ముందు నోటీసు, జవాబివ్వండి. 636 అని వస్తే అది తీసేయమని ఫైనల్, ఆ రోజే లాయర్ దగ్గరికి పోండి. నోటీసు తీస్కోకుండా తలుపేసుకుంటే గేటుకి అంటించి ఫొటో తీస్కుంటరు, ఇచ్చినట్టే లెక్క.

ఎవరి దగ్గరికి పోవాలి?

2025 చివర్లో చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లని జీహెచ్ఎంసీలో కలిపి వార్డులు 150 నుంచి 300 చేసినంక సర్కిళ్లు మారినయి, మీ పాత ఆఫీసే అనుకొని పోకండి, కొత్త ట్యాక్స్ బిల్లు మీద సర్కిల్ పేరు చూడండి. ప్లాన్, సెట్‌బ్యాక్, ఆర్డీపీకి ఏసీపీ (పోలీసు కాదు, అసిస్టెంట్ సిటీ ప్లానర్). లైసెన్స్‌కి ఏఎంఓహెచ్. తేలకపోతే డిప్యూటీ కమిషనర్, లేదా సోమవారం ప్రజావాణిలో కాగితం ఇచ్చి నంబర్ తీస్కోండి. నోటితో అడిగింది ఎవరికీ గుర్తుండదు, ఇన్‌వర్డ్ స్టాంపు పడ్డ జిరాక్స్ మీ దగ్గరుండాలి.

మార్కింగ్ అయిపోయింది, ఒక బ్రోకర్ పాత తేదీతో ట్రేడ్ లైసెన్స్ ఇప్పిస్తా అంటున్నడు. తీస్కోవచ్చా?

వద్దు. లైసెన్సులు ఆన్‌లైన్‌లో ఇస్తరు, అప్లికేషన్ తేదీ, పేమెంట్ తేదీ సిస్టంలో ఉంటయి, క్లెయిం వెరిఫై చేసేటప్పుడు మొదట చూసేది అదే. దొరికితే క్లెయిం మొత్తం పోతది, ఫోర్జరీ కేసు అదనం. ఈ రోజు తేదీతోనే అప్లై చేయండి, పాతకాలానికి బ్యాంకు స్టేట్‌మెంట్లు, సరుకు కొన్న బిల్లులు, పాత ఫొటోలు, ఇరుగుపొరుగు ఇద్దరి అఫిడవిట్ పెట్టండి.